కూలి, దానం, వెల్లంపల్లి రేవు: కృప గురించి కొన్ని మాటలు

మా ప్రాంతంలో సండే స్కూలుకు వెళ్లి పెరిగిన ఎవరినైనా నిద్రలో లేపి అడిగినా, అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలోని ఎనిమిది, తొమ్మిది వచనాలను తడుముకోకుండా అప్పజెబుతారు: “మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే. అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు.” అయితే ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళకు మనం వినేది తరచుగా వేరే లెక్క. ఇన్ని రోజులు ఉపవాసం ఉన్నాను, ఇంత కానుక ఇచ్చాను, సంపాదనలో దశమ భాగం ఇవ్వడం ఏనాడూ తప్పలేదు, అందుచేత దేవుడు నా మొర ఆలకించాడు అంటారు. చెప్పేవారి భక్తిని నేను శంకించడం లేదు. ఆ మాటల్లోని “అందుచేత” అన్నదే నాకు మింగుడుపడదు, ఎందుకంటే పౌలు తన పత్రికలలో కాదు కాదని మళ్లీ మళ్లీ చెప్పింది సరిగ్గా ఆ “అందుచేత”నే.

రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు ఈ సంగతిని కూలి లెక్కలోకి దించి చెబుతాడు. “పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు.” పొద్దంతా పొలంలో పనిచేసిన మనిషికి సాయంత్రం ఆసామి ఇచ్చేది దయ కాదు, బాకీ. ఆ బాకీ తీర్చినందుకు ఆసామిని ధర్మాత్ముడని ఎవరూ పొగడరు, తీర్చకపోతేనే నిలదీస్తారు. దేవునికీ మనిషికీ మధ్య ఉన్న సంబంధం ఇటువంటిదే అయితే మనిషి దేవుణ్ణి నిలదీయగలగాలి, దేవుడు మనిషికి బాకీ పడి ఉండాలి. అలా కాదని చెప్పడానికి పౌలు యూదుల మూలపురుషుడైన అబ్రాహామును సాక్షిగా నిలబెడతాడు. అబ్రాహాము దేవుని నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్న మాట ఆదికాండం పదిహేనో అధ్యాయంలో ఉంది. అతనికి సున్నతి ఆజ్ఞ వచ్చింది పదిహేడో అధ్యాయంలో. అంటే నీతిమంతుడని తీర్పు వచ్చేనాటికి అతని ఒంటిమీద ఏ గుర్తూ లేదు, చేతిలో మోషే ధర్మశాస్త్రమూ లేదు. ముందు ఏది, వెనుక ఏది అన్న ఈ వరుస మీదనే పౌలు తన వాదాన్నంతా నిలబెట్టాడు.

ఆ జీతం మాట వెంటనే వచ్చే వచనం ఇంకా కటువైనది. దేవుడు “భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చువాడు” అంటుంది. భక్తిపరుణ్ణి కాదు, సగం దారి నడిచి వచ్చినవాణ్ణి కాదు, భక్తిహీనుణ్ణి. మన లోకంలో ఏ న్యాయాధిపతి అయినా దోషిని నిర్దోషి అని తీర్పు చెబితే పై కోర్టు ఆ తీర్పును కొట్టివేస్తుంది. దేవుడు అలా చేసి కూడా న్యాయవంతుడుగా ఎలా ఉండగలడన్న ప్రశ్నకు పౌలు మూడో అధ్యాయంలోనే జవాబు చెప్పాడు: క్రీస్తు సిలువలో ఆ దోషం వెల చెల్లింది. చెల్లించినవాడు దేవుడే కనుక పుచ్చుకునే మనిషికి అది ఉచితం. ఉచితం అన్నంత మాత్రాన చవకైనదని కాదు. ఆ ఖర్చు పడింది వేరొకరి మీద అని మాత్రమే.

ఈ సిద్ధాంతాన్ని తెలుగునాట జరిగిన ఒక సంగతి పక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. ఆ సంగతి ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవులందరూ ఎరిగినదే: 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జరిగిన బాప్తిస్మాలు. అక్కడ కూలి, దానం, ఆకలి, విశ్వాసం నాలుగూ ఒక్కచోట చిక్కుముడి పడ్డాయి. కృపను గురించి మనం చెప్పే మాటల్లో ఏవి గట్టివో ఏవి తాలో అక్కడ తేలుతుంది.

1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని పట్టి పీడించిన కరువును మన పెద్దలు కథలుగా చెప్పుకునేవారు. వానలు లేవు, పంటలు పోయాయి, ధాన్యం ధర కూలివాళ్లకు అందకుండా పోయింది. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది కానీ ఆ పనుల్లో కూలి ఎంత తక్కువ ఉండాలన్న దాని మీదనే దాని శ్రద్ధంతా. కలకత్తా నుంచి భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభంలో ఖాయం చేసిన లెక్క ప్రకారం రోజంతా మట్టి తవ్విన మగవాడికి ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణా. ఆ తిండితో ఆ పని చేసే మనిషి బతకడని అప్పుడే వైద్యాధికారులు మొత్తుకున్నారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ అప్పటికి దశాబ్దంగా అక్కడ పనిచేస్తున్నారు. యౌవనంలో అమెరికాలో భూమి సర్వే పని నేర్చినవారు కనుక, తవ్వకం సాగుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నారు. వేలమంది, ముఖ్యంగా మాదిగ పల్లెలవారు, అక్కడికి పనికి వచ్చారు. ఆయన దగ్గర ఉన్న తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పని ఆపి సేదతీరే వేళల్లో వాళ్లు చెప్పిన మాటల్లో, “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి” అన్న ప్రభువు పిలుపు ఆ జనానికి బాగా నాటుకుంది. నెత్తిన మట్టి తట్ట ఉన్నవాడికి ఆ వచనాన్ని వివరించి చెప్పవలసిన పని ఉండదు.

ఆ కరువు రోజుల్లోనే బాప్తిస్మం కావాలని ఎంతోమంది క్లౌను అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం చేతిలో ఉన్నంతకాలం, దాదాపు పదిహేను నెలలు, బాప్తిస్మాలు నిలిపివేశారు. కూడు కోసం వస్తున్నారేమో అన్నది ఆయన అనుమానం. లోకం కూడా అదే అంటుందని ఆయనకు తెలుసు. 1878లో సాయపు నిధులు అయిపోయాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని ప్రకటించాక కూడా జనం తిరిగిపోలేదు. మాకు డబ్బు వద్దు, కష్టం చేసుకుని బతుకుతాం, మమ్మల్ని సంఘంలో చేర్చుకోండి అన్నారు. ఏ పల్లెవారిని ఆ పల్లె ఎరిగిన బోధకులే విచారించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 701 మంది గుండ్లకమ్మ నీళ్లలో బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చినది తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున. క్లౌ దొర ఒడ్డున ఉన్నారు. రెండో రోజు అంకెను మా పెద్దలు నాలుగు రెళ్లు అని గుర్తుపెట్టుకునేవారు. నాకు మాత్రం ఆ అంకె కన్నా దానికి ముందు గడిచిన పదిహేను నెలల ఎదురుచూపే ఎక్కువ ఆలోచన పుట్టిస్తుంది.

తిండి కోసం మతం మారారు అన్న నింద అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మనవాళ్లు దానికి సాధారణంగా చెప్పే జవాబు: “లేదు, సాయం ఆగిపోయాకనే వచ్చారు కదా, కనుక వాళ్లది స్వచ్ఛమైన విశ్వాసమే.” చరిత్రగా ఆ జవాబు నిజం. క్లౌ ఆగడమూ సబబే. నిధుల మీద పెత్తనం ఉన్న మనిషి, ఆకలితో ఉన్నవాడి దగ్గర మతం మాట ఎత్తేటప్పుడు అంత జాగ్రత్త పడకపోతే అది అన్యాయమే అవుతుంది. కానీ సిద్ధాంతంగా ఆ జవాబు నాకు చాలదు. స్వచ్ఛమైన ఉద్దేశంతో వచ్చారు కనుకనే వారి రక్షణ చెల్లుతుంది అన్నామంటే, కృపను మళ్లీ కూలి లెక్కలోకి లాగినట్టే. ఈసారి కూలికి బదులుగా చెల్లించేది ఉద్దేశపు స్వచ్ఛత, అంతే తేడా. దేవుడు ఇచ్చేది పుచ్చుకోవడానికి ముందు మనసును కడిగి తేవాలన్న షరతు పెడితే, ఆ షరతు నెరవేర్చగలిగినవాడికి కృపతో పనే లేదు.

లూకా సువార్త పదిహేనో అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడు ఎందుకు ఇంటికి బయలుదేరాడో ఒకసారి నిదానంగా చదవండి. తండ్రి మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. ఆ దేశంలో కరువు వచ్చింది, పందులు తినే పొట్టు కూడా అతనికి దొరకలేదు. అప్పుడు అతడు తనలో తాను అనుకున్న మాట: “నా తండ్రియొద్ద ఎంతోమంది కూలివాండ్రకు అన్నము సమృద్ధిగా ఉన్నది, నేనైతే ఇక్కడ ఆకలికి చచ్చిపోవుచున్నాను.” నిక్కచ్చిగా చెప్పాలంటే అతడు అన్నం కోసమే వచ్చాడు. పైగా దారిలో ఒక ఒప్పందం కూడా సిద్ధం చేసుకున్నాడు: నన్ను నీ కూలివాళ్లలో ఒకనిగా పెట్టుకో అని అడుగుతాడట. అంటే తింటాను గానీ దానికి తగిన పని చేస్తానని. తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తి వచ్చి మెడ మీద పడ్డాక, కుమారుడు మిగతా మాటలన్నీ చెప్పాడు గాని ఆ కూలి మాట దగ్గరకు రాలేకపోయాడు. తండ్రి మధ్యలోనే దాసులను పిలిచి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. ఎందుకు వచ్చావని ఆ తండ్రి అడిగినట్టు కథలో ఎక్కడా లేదు.

కరువులో ఆకలికి వచ్చిన కుమారుడి కథ చెప్పిన ప్రభువు, కరువు నేలల నుంచి వచ్చినవారి ఉద్దేశాలను తక్కెడలో తూచి చూస్తాడని నేను అనుకోను. వెల్లంపల్లి రేవులో దిగినవారిలో కొందరి మనసులో ఆకలి భయం ఉండి ఉంటుంది, కొందరికి ఊరివారి వెట్టి నుంచి తప్పించుకోవాలన్న ఆశ ఉండి ఉంటుంది, కొందరు అన్న దిగితే వెనక దిగి ఉంటారు. నా విశ్వాసం మాత్రం ఏమంత కల్తీ లేనిదా? విశ్వాసుల ఇంట పుట్టాను, అమ్మ చెయ్యి పట్టుకుని గుడికి వెళ్లాను, తోటివారితో పాటు బాప్తిస్మం తీసుకున్నాను. దాన్ని స్వచ్ఛమనీ, ఆకలిగొన్నవాడిది కల్తీ అనీ చెప్పడానికి కడుపు నిండి ఉండడం తప్ప నాకు వేరే అర్హత కనిపించదు.

ఇక్కడ విశ్వాసం అంటే ఏమిటన్నది తేల్చుకోవాలి. మన కూడికల్లో ఎక్కువగా తప్పుతున్నది ఇక్కడే అని నా అభిప్రాయం. క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్ల అని చెబుతూనే, విశ్వాసాన్నే అన్నిటికన్నా బరువైన క్రియగా మార్చేశాం. బిడ్డకు జబ్బు తగ్గకపోతే తల్లికి విశ్వాసం చాలలేదంటాం. అప్పు తీరకపోతే ఇంకా గట్టిగా నమ్మమంటాం. ఇంత కానుక విత్తితే ఇంత పంట అని వేదిక మీద నుంచి లెక్క కట్టి చెప్పేవాళ్లూ ఉన్నారు. అలాంటి మాట విన్న ఒక తల్లి, బిడ్డ జబ్బుతో పాటు తన విశ్వాసపు లోటును కూడా మోసుకుంటూ ఇంటికి వెళ్లడం నేను చూశాను. ధర్మశాస్త్రమైనా కొంత నయం. ఇది చెయ్యి, అది చెయ్యకు అని గీత గీసి చూపించేది. ఎంత నమ్మితే చాలునన్నదానికి గీత ఎవరు గీస్తారు?

దాహమైనవాడు ఏటిలో దిగి నీళ్లు తాగేటప్పుడు దోసిలి పడతాడు; ఆ దోసిలి నీటిని పుట్టించదు, నీటికి వెల కట్టదు, కొంచెం వణికినా దాహం తీరకపోదు. విశ్వాసం అటువంటిది. దానికి విలువ వచ్చేది అది పట్టుకున్న క్రీస్తు వల్లనే గాని దాని బిగి వల్ల కాదు. మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో మూర్ఛతో బాధపడుతున్న కొడుకును తీసుకొచ్చిన తండ్రి, “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము” అని మొర పెట్టుకుంటాడు. ఒక్క ఊపిరిలో నమ్మకమూ అపనమ్మకమూ రెండూ ఒప్పుకున్న ఆ మనిషిని ప్రభువు వెనక్కి పంపలేదు. అతని కొడుకు బాగుపడ్డాడు. మన స్వస్థత కూడికల్లో ఆ వచనం మీద ప్రసంగాలు తక్కువ.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన వాదం కాదు. అయిదో శతాబ్దంలో పెలాగియస్ అనే బోధకుడు మనిషి తన సొంత శక్తితో దేవుని ఆజ్ఞలు నెరవేర్చగలడని బోధించినప్పుడు, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీను దాన్ని గట్టిగా ఎదిరించాడు. దేవుని వైపు తిరగాలన్న కోరిక మనలో పుట్టడం కూడా కృప వల్లనే అన్నాడు. 418లో కార్తేజులో కూడిన సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. వెయ్యేళ్లు దాటాక జర్మనీలో మార్టిన్ లూథర్ మఠంలో చేరి, ఉపవాసాలతో శరీరాన్ని నలగ్గొట్టి, గంటల తరబడి పాపాలు ఒప్పుకుని కూడా శాంతి పొందక, చివరికి రోమా పత్రికలో దాన్ని కనుగొన్న కథ మనకు బాగా తెలిసినదే. దాన్ని మళ్లీ విప్పను. కానీ మనవాళ్లు ఆ కథ చెప్పేటప్పుడు కతోలిక సంఘం క్రియల వల్ల రక్షణ అని బోధిస్తుందని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది న్యాయం కాదు. కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ 1547 జనవరిలో వెలువరించిన తీర్మానం చదివితే, నీతిమంతులుగా తీర్చబడడానికి ముందు మనలో ఉన్నదేదీ, విశ్వాసమైనా సరే క్రియలైనా సరే, ఆ కృపను సంపాదించలేదని స్పష్టంగా ఉంది. విశ్వాసాన్ని రుసుముగా మార్చిన మన ప్రసంగీకులలో కొందరి కన్నా ఈ ఒక్క సంగతిలో ట్రెంట్ సభే పౌలుకు దగ్గరగా ఉంది. ప్రొటెస్టంటుగా పుట్టి పెరిగిన నాకు ఈ మాట రాయడం కొంచెం వింతగానే ఉంది. కృప పొందాక మనలో కలిగే నీతి గురించి, పుణ్యఫలం గురించి రెండు పక్షాల మధ్య నిజమైన భేదాలు ఉన్నాయి, నేడూ ఉన్నాయి. అయినా 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్యా కతోలిక సంఘమూ కలిసి ఈ సిద్ధాంతంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మెథడిస్టులు 2006లో దానితో ఏకీభవించారు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చినప్పటి నుంచి పెరిగిన మన ఆంధ్ర లూథరన్ సంఘం కూడా ఆ సమాఖ్యలో సభ్యురాలే కనుక, ఆ ప్రకటన ఎక్కడో దూరదేశపు సంగతి కాదు.

ఇక క్రియల మాట. కృప ఉచితమైతే ఎలా బతికినా పరవాలేదా అన్న ప్రశ్న పౌలుకు కూడా ఎదురైంది, రోమా పత్రిక ఆరో అధ్యాయం దానికి జవాబు. ఎఫెసీ పత్రికలో ఎనిమిది, తొమ్మిది కంఠస్థం చేయించే మనం పదో వచనానికి ముందే ఆగిపోవడం మన సండే స్కూళ్ల లోపం; దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియలు చేయడానికే మనం క్రీస్తులో సృష్టించబడ్డామని అది చెబుతుంది. క్రియలు చెట్టుకు వేరు కాదు, ఫలం. యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో విశ్వాసం వల్ల మాత్రమే కాదు, క్రియల వల్ల కూడా అని రాసినప్పుడు అతని ఎదుట ఉన్నది వేరే రోగి. దయ్యాలు కూడా దేవుడొక్కడే అని నమ్మి వణుకుతాయి అంటాడు అతడు; ఒప్పుకోలు మాత్రమే ఉండి చెయ్యి కదలని నమ్మకాన్ని అతడు దుయ్యబడుతున్నాడు. పౌలు చెప్పిన విశ్వాసం ప్రేమ వలన కార్యసాధకమయ్యేది అని గలతీ పత్రిక అయిదో అధ్యాయంలో ఉంది. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడితే పోట్లాడుకుంటారని నేను అనుకోను.

కృప ముందు, క్రియలు వెనుక అన్న ఈ వరుసకు కూడా ఒంగోలు చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. కరువుకు పదేళ్ల ముందే, 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల వ్యాపారం చేస్తూ, అంతకు ముందు యోగమార్గపు గురువుల దగ్గర ఉపదేశం పొందిన మనిషి, దేవుని కోసం అప్పటికే వెతుకుతున్నవాడు. అతని ద్వారా చుట్టుపక్కల పల్లెల్లో విశ్వాసులు పెరిగాక వారికి చెప్పిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. చూడ్డానికి ఇవి చిన్నవి. కానీ ఊరి కట్టుబాటులో మాదిగవారు ఆసాములు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పనికి వెళ్లాలి, జాతరలో డప్పు కొట్టాలి, చచ్చిన పశువును ఎత్తుకెళ్లాలి. ఆ సేవకు బదులుగానే వారికి కళ్లంలో గింజలు దక్కేవి. ఆదివారం రాము, డప్పు కొట్టము అనడం అంటే ఆ గింజలు వదులుకోవడం, బావి దగ్గర, పొలం గట్టు మీద దెబ్బలు తినడానికి సిద్ధపడడం. ఆ నియమాలు పాటిస్తే రక్షణ వస్తుందని వాళ్లు పాటించారా, రక్షణ దొరికింది కనుక పాటించారా? అందరి మనసూ ఒక్కటిగా ఉండి ఉండదు. కొందరు కొత్త ఆచారంగానే పట్టుకుని ఉంటారు. అయినా అన్ని దెబ్బలకు ఓర్చి నిలబడ్డవారిని చూస్తే, ఇక తాము ఎవరి కూలీలమూ కాదు, కుమారులమని వాళ్లలో చాలామందికి అర్థమైందనే అనిపిస్తుంది. నియమాలను నెత్తిన పెట్టుకున్న బానిస ఊరి పెద్దను ఎదిరించడు.

అదే కాలంలో ఒంగోలు మిషన్ బడిలో అగ్రకులాల పిల్లలు చదువుకునేవారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మా పిల్లలను మానిపిస్తామని వారి పెద్దలు చెప్పారు. ముందు పెద్ద కులాలవారు నమ్మితే తక్కినవారు వెనక వస్తారన్నది అప్పటి మిషనరీలలో చాలామంది లెక్క. క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో ప్రార్థించి బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందని చెబుతారు: “మిమ్మును పిలిచిన పిలుపును చూడుడి. మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు.” వారు మాదిగలను చేర్చుకున్నారు, బడి ఖాళీ అయింది. బైబిలు ఎక్కడ తెరుచుకుంటే అక్కడే దేవుని మాట అనుకునే పద్ధతి నాకు నచ్చదు, దాన్ని ఎవరికీ సిఫారసు చేయను. అయితే ఆ వచనాల ముగింపు, దేవుని ఎదుట ఏ శరీరీ అతిశయించకూడదన్నది, ఎఫెసీ పత్రికలో కృప గురించి చెప్పిన మాటతో అచ్చంగా కలుస్తుంది. కులం అంటే పుట్టుకతో వచ్చిన అతిశయం. కృప నిజమైతే దానికి చోటు లేదు.

ఆ మాట ఇతరుల గురించి చెప్పుకోవడం తేలిక. మన మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో ఒక గుడి ఉన్న ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఒకే ప్రభువు పేరు, ఒకే కీర్తనల పుస్తకం, రెండు గోడలు. క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో తిరిగి జన్మించిన వధువు కావలెను అని రాసి ఆ పక్కనే కులం పేరు కూడా రాస్తాం. రెడ్డి క్రైస్తవులమనీ కమ్మ క్రైస్తవులమనీ చెప్పుకునేవారిని ఎత్తిచూపే మాలమాదిగ విశ్వాసులు కూడా తమ మధ్య సంబంధం కుదిరేసరికి వెనకాడతారు. ఇది సంఘపు అలవాటు, సిద్ధాంతానికి దీనితో సంబంధం లేదు అని నాతో వాదించిన పెద్దలు ఉన్నారు.

పౌలు ఆ వాదాన్ని ఒప్పుకోడు. గలతీ పత్రిక రెండో అధ్యాయంలో అతడు చెప్పిన సంఘటన అంతియొకయలో జరిగింది. పేతురు అక్కడ అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో కూర్చుని భోజనం చేసేవాడు. యెరూషలేము సంఘపు పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చాక, సున్నతి పొందినవారికి భయపడి వెనక్కి తగ్గి వేరుగా ఉన్నాడు. తక్కిన యూదులూ, చివరికి బర్నబా కూడా ఆ దారిలో కొట్టుకుపోయారు. పేతురు ఏ సిద్ధాంతాన్నీ కాదనలేదు, ఏ తప్పుడు బోధా చేయలేదు. పంక్తి మార్చాడు, అంతే. పౌలు అందరి ఎదుటా అతణ్ణి నిలదీసి, ఈ నడత సువార్త సత్యానికి తగినట్టు లేదన్నాడు. మనిషి నీతిమంతుడుగా తీర్చబడేది ధర్మశాస్త్ర క్రియల మూలంగా కాదు, యేసుక్రీస్తునందలి విశ్వాసం వలననే అన్న ఆ ప్రసిద్ధ వాక్యం, పదహారో వచనం, వచ్చింది ఈ మందలింపు వెంటనే, దానికి ఆధారంగా. భోజనపు బల్ల దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలన్న గొడవలో పుట్టిన మాటను మనం అక్కడి నుంచి ఊడబెరికి, పరలోకానికి టికెట్టు ఎలా దొరుకుతుందన్న చర్చకు మాత్రమే పరిమితం చేశాం.

మా సంఘంలో వచ్చే నెల నుంచి గురువారపు వాక్యపరిశీలనలో గలతీ పత్రిక మొదలుపెడుతున్నారు. రెండో అధ్యాయం వచ్చినప్పుడు పదహారో వచనం మీదకు ఎగిరిపోకుండా పౌలు పేతురును నిలదీసిన పదకొండో వచనం దగ్గర ఒక వారమంతా ఆగుదామని పాస్టరు గారిని అడిగాను. పెళ్లి సంబంధాల మాట తప్పకుండా వస్తుంది సుమా అన్నారు. అందుకే అడుగుతున్నానండీ అన్నాను. సరేనన్నారు.